బి.పి.కి 30 శాతం వేసి, పింఛనుకు మాత్రం పనికిరాదన్నారు: మాజీ సైనికుడి వైకల్య పింఛనుకు ఇప్పుడైనా దారి ఉందా?

ప్రశ్న అడిగినవారు: ఆవడి అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అయినా పదేళ్లుగా చెన్నైలో, ఆవడిలో ఉంటున్నాం. మా నాన్నగారు 1995లో సైన్యంలో చేరి, ఇరవై నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసుకొని 2019 జూలై 31న హవల్దారుగా రిటైరయ్యారు. చేరేనాటికి ఆయనకు ఏ జబ్బూ లేదు. 2008 చివరి నుంచి 2011 మార్చి వరకు కాశ్మీరులో ఉన్నారు. అక్కడే 2009లో ఒక తెల్లవారుజామున పి.టి.లో పరుగెత్తుతూ పడిపోయి కుడి మోకాలు దెబ్బతీసుకున్నారు. తరువాత పుణేకి మారారు. 2012 జనవరిలో ఏటా జరిగే వైద్య పరీక్షలో రక్తపోటు ఉందని తేలింది. అప్పటినుంచి రిటైరయ్యే వరకు లో మెడికల్ కేటగిరీలోనే, అంటే అనారోగ్యం వల్ల తగ్గించిన వైద్య శ్రేణిలోనే కొనసాగారు.

రిటైరయ్యే ముందు జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డులో మోకాలికి 10 శాతం వేసి, అది సర్వీసు వల్ల కలిగిందని ఒప్పుకున్నారు. రక్తపోటుకు 30 శాతం, అదీ జీవితాంతం ఉండేదని రాశారు కానీ, అది సర్వీసు వల్ల కలగలేదని, సర్వీసు వల్ల పెరగనూ లేదని తేల్చారు. రెండూ కలిపి 40 శాతం అని ఒక గడిలో ఉంది. దాని కింది గడిలోనే పింఛనుకు అర్హమైనది 10 శాతం అని ఉంది. మూడు నెలల తరువాత, వైకల్య పింఛనుకు అర్హత లేదనీ, అభ్యంతరం ఉంటే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చనీ ఉత్తరం వచ్చింది. నాన్నగారు చేసుకోలేదు. ‘కాళ్లూ చేతులూ ఆడుతున్న మనిషి వైకల్యం పేరు చెప్పి డబ్బు అడగడం నామోషీ’ అన్నారు.

ఈ మధ్య అంబత్తూరులో ఉండే ఆయన బ్యాచ్‌మేటుకు ఇదే రక్తపోటు మీద పింఛను మంజూరైందని తెలిసింది. అప్పటినుంచి ఆయన పైకి ఏమీ అనకపోయినా, ఆ ఉత్తరాన్ని మాత్రం రెండుసార్లు బయటికి తీసి చదువుకున్నారు. ఇంత ఆలస్యమయ్యాక అడగవచ్చా? ప్రభుత్వాసుపత్రిలో వికలాంగుల సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని అవుతుందని పక్కింటివారు చెబుతున్నారు, అది నిజమేనా? బకాయిల్లో 30 శాతం ఇస్తే అంతా తానే చూసుకుంటానని ఒక మధ్యవర్తి తిరుగుతున్నాడు, అతణ్ణి నమ్మవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పల్లవరం సుబేదార్, రిటైర్డ్ క్లర్కు

బాబూ, ముందుగా మీ నాన్నగారికి నా మాటగా ఒకటి చెప్పండి. పేరులో వైకల్యం ఉన్నంత మాత్రాన ఇది నడవలేనివారి కోసం పెట్టిన పింఛను కాదు. చేరేటప్పుడు ఆరోగ్యంగా తీసుకున్న మనిషిని, వెళ్లేటప్పుడు ఏ స్థితిలో పంపుతున్నామన్న లెక్క ఇది. నేను ముప్పై ఏళ్లు సైన్యంలో ఈ కాగితాల మధ్యే పనిచేశాను. నామోషీ అనుకొని వదిలేసినవాళ్లలో నిజంగా అర్హులైనవారే ఎక్కువమంది కనిపించారు. అర్హత లేనివాడికి ఆ మొహమాటం ఉండదు లెండి.

అర్హతకు రెండు మెట్లు ఉన్నాయి. వైకల్యం సర్వీసు వల్ల కలిగి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా చాలు. ఆ తరువాత, అలా ఒప్పుకున్న వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. మీ నాన్నగారు మొదటి మెట్టు మీద మోకాలితో ఎక్కారు కానీ, 10 శాతమే కావడంతో రెండో మెట్టు మీద ఆగిపోయారు. రక్తపోటు రెండో మెట్టును సునాయాసంగా దాటేదే, దాన్ని మొదటి మెట్టే ఎక్కనివ్వలేదు. మా ఆఫీసు భాషలో దీన్ని ‘నానా’ అంటాం, అంటే కలగనూ లేదు, పెరగనూ లేదు అని. కాబట్టి మీ పోరాటమంతా ఆ ఒక్క మాట మీదే. శాతాల గురించి ఎవరితోనూ వాదించనక్కరలేదు, వాళ్లే 30 వేశారు.

ఆ మాట మారితే ఏమవుతుందో లెక్క చూడండి. నూరు శాతం వైకల్యానికి, పింఛనుకు లెక్కలోకి వచ్చే ఆఖరి వేతనంలో 30 శాతం ఇస్తారు. ఆ వేతనం రూ. 45,000 అనుకుందాం. 40 శాతం వైకల్యానికి నెలకు రూ. 5,400 రావాలి. అయితే 20 నుంచి 49 వరకు ఎంత ఉన్నా 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా లెక్కించే పద్ధతి ఉంది. దాని ప్రకారం మీ నాన్నగారి 40 కాస్తా 50 అయి, నెలకు రూ. 6,750 వస్తుంది. దీని మీద కరువు భత్యం వేరు. ఇది మామూలు పింఛనుకు అదనం, దానిలోంచి కోసి ఇచ్చేది కాదు.

ఇక సర్టిఫికెట్ సంగతి. ప్రభుత్వాసుపత్రి ఇచ్చేది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కిందిది. దాని ప్రయోజనాలు వేరు, కొలతలు వేరు. ఆ చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో రక్తపోటు లేనే లేదు. రిటైరైన ఏడేళ్లకు బయటి డాక్టరు ఏం రాసినా, సర్వీసులో ఉండగా ఏం జరిగిందన్న ప్రశ్నకు అది జవాబు కాజాలదు. ఆ క్యూలో నిలబడే ఓపికను రికార్డుల కోసం దాచుకోండి.

ముందు కావలసినవి కాగితాలు. రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 16 అనే ఫారం, అన్ని పేజీలతో కావాలి. 2012లో కేటగిరీ తగ్గించినప్పుడు, ఆ తరువాత మళ్లీ మళ్లీ పరీక్షించినప్పుడు రాసిన ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 15లు అన్నీ కావాలి. భర్తీ నాటి వైద్య పరీక్ష పత్రం, మోకాలి దెబ్బకు రాసిన గాయం రిపోర్టు, ఎప్పుడు ఎక్కడ పనిచేశారో చూపే పోస్టింగుల వివరం కూడా ఉండాలి. ఇంట్లో లేనివాటిని సమాచార హక్కు కింద ఆయన కోర్ (సైన్యంలో ఆయన పనిచేసిన విభాగం) రికార్డ్స్ ఆఫీసును అడగండి. ఇ.ఎం.ఇ. (యంత్రాల మరమ్మతు విభాగం) వారిది సికింద్రాబాదులో, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్‌లో, మద్రాస్ రెజిమెంటు వారిది వెల్లింగ్టన్‌లో, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట ఉంటుంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. మీ నాన్నగారి పేరు మీద, ఆయన సంతకంతోనే పంపండి. కొడుకుగా మీరు అడిగితే, ఇతరుల వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు.

ఈ పని వాయిదా వేయకండి. రిటైరై పదిహేనేళ్లు దాటాక, నిల్వ గడువు తీరి సర్వీసు కాగితాలు నాశనం చేసిన తరువాత అడిగితే, రుజువు చేసుకోవలసిన భారం అడిగినవారి మీద పడుతుందని 2008 నాటి అర్హత నియమాల్లో స్పష్టంగా ఉంది. మీకు 2034 వరకు సమయం ఉన్నట్టే కానీ, కాగితాలకు చెదలు నియమాలు చదివి పట్టవు.

జవాబు: మైలాపూర్ వకీలు

సుబేదార్ గారు కాగితాల సంగతి చెప్పారు కనుక నేను చట్టం వైపు నుంచి చెబుతాను. ఈ విషయంలో అందరూ మొదట చెప్పే తీర్పు 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. మూర్ఛ వ్యాధి పుట్టుకతో వచ్చిన తత్త్వమని చెప్పి ఆ సైనికుడికి పింఛను నిరాకరించారు. చేరేటప్పుడు ఏ జబ్బూ ఉన్నట్టు రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే భావించాలనీ, తరువాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిదేననీ, సందేహం ఉంటే దాని లాభం సైనికుడికే దక్కాలనీ, సంబంధం లేదనే బోర్డు అందుకు కారణాలు రాయాలనీ కోర్టు చెప్పింది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులోనూ, 2025 ఏప్రిల్‌లో బిజేందర్ సింగ్ కేసులోనూ ఇదే మాట మళ్లీ చెప్పింది.

అయితే ఇక్కడే చాలామంది తొందరపడతారు. ధరమ్‌వీర్ సింగ్ కేసు 1982 నాటి అర్హత నియమాల మీద నడిచింది. మీ నాన్నగారు 2019లో రిటైరయ్యారు కాబట్టి ఆయనకు వర్తించేవి 2008 నాటి నియమాలు. ఆ నియమాల్లో, భర్తీ నాటి పరీక్ష అన్ని జబ్బులనూ పట్టుకోలేదనీ, సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోనక్కరలేదనీ కొత్తగా చేర్చారు. ప్రభుత్వం తరఫు న్యాయవాది ట్రిబ్యునల్‌లో ముందుగా చదివేది ఆ వాక్యమే. దానికి జవాబు అవే నియమాల్లో ఇంకొంచెం ముందుకు వెళితే దొరుకుతుంది: మామూలుగా హక్కుదారుణ్ణి రుజువు చేసుకొమ్మని అడగకూడదని అక్కడ రాసి ఉంది. సుబేదార్ గారు చెప్పిన పదిహేనేళ్ల మాట దానికి మినహాయింపు మాత్రమే. 2025లో ఢిల్లీ హైకోర్టు ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చదివి, కారణం చూపవలసిన భారం 2008 తరువాత కూడా బోర్డు మీదే ఉందనీ, శాంతి ప్రాంతంలో, అంటే సరిహద్దుకూ పోరాటానికీ దూరమైన మామూలు పోస్టింగులో ఉండగా బయటపడిందన్న ఒక్క మాట కారణం కిందికి రాదనీ తేల్చింది. 2023 సెప్టెంబరు 21 తరువాత రిటైరైనవారికి మళ్లీ కొత్త నియమాలు వచ్చాయి. అందుచేత అంబత్తూరు బ్యాచ్‌మేటు గారి ఉత్తర్వును నకలు తీసి జత చేసేముందు ఆయన ఏ తేదీన రిటైరయ్యారో చూసుకోండి.

మీ నాన్నగారి బోర్డు కాగితంలో చూడవలసిన చోటు ఒకటే: రక్తపోటుకు ఎదురుగా కారణం అడిగే గడిలో ఏం రాశారు? ‘పుణేలో మొదలైంది, ఫీల్డు సర్వీసుతో దగ్గరి సంబంధం లేదు’ అని ఒక ముక్క రాసి వదిలేసి ఉంటే, మీ కేసుకు బలం ఆ ముక్కే. సైనిక వైద్యాధికారుల కోసం 2008లో సవరించిన మార్గదర్శిలో 43వ పేరా రక్తపోటు గురించినదే. అది ఈ జబ్బు సర్వీసు వల్ల కలుగుతుందని ఒప్పుకోదు కానీ, ఫీల్డులో, ఎత్తైన మంచు ప్రాంతాల్లో, ఆపరేషన్లు జరిగే చోట్ల పనిచేసినవారికి ముదిరిందేమో పరిశీలించాలంటుంది. కాశ్మీరు నుంచి వచ్చిన పది నెలలకే బయటపడిన రక్తపోటును ఆ పేరా ఎదుట పెట్టి అడగాలి. కాబట్టి దరఖాస్తులో ‘కలిగింది’ అని కాక, ‘ముదిరింది’ అన్న మాట మీద నిలబడండి.

గెలుపు ఖాయమని నేను చెప్పను. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, మానసిక వ్యాధి భర్తీనాడు కనిపించకపోవచ్చని చెప్పి, వైద్య బోర్డు అభిప్రాయాన్నే నిలబెట్టింది. బోర్డు నిజంగా ఆలోచించి, కారణాలు విడమరిచి రాసిన చోట కోర్టులు డాక్టర్లను కాదనడానికి వెనకాడతాయి. అదే సుప్రీంకోర్టు 2025 మేలో రాజుమోన్ కేసులో, కారణాలే లేని బోర్డు అభిప్రాయం మీద కట్టినదేదీ నిలవదని అంది. జబ్బు రెండు కేసుల్లోనూ స్కిజోఫ్రీనియాయే. తేడా కాగితం మీద ఉంది.

ఆలస్యం గురించి కంగారు వద్దు. వైకల్య పింఛను నెలనెలా పుట్టే హక్కు కాబట్టి, నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయమని 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ఉంది. కేసు ఆలస్యం పేరు మీద కొట్టివేయరు కానీ, బకాయిలు మాత్రం కేసు వేసిన నాటికి వెనుక మూడేళ్లకే పరిమితమవుతాయి. ముందుగా రికార్డ్స్ ఆఫీసు ద్వారా మొదటి అప్పీలు, ఆలస్యానికి కారణం చెబుతూ వేయండి. జవాబు వచ్చినా, ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోయినా, సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2007 నాటి ట్రిబ్యునల్ చట్టం 21వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తోంది. రికార్డ్స్ ఆఫీసు ఎక్కడున్నా, రిటైరైన వ్యక్తి తాను నివసించే చోటి బెంచిలో వేయవచ్చు కాబట్టి మీకు చెన్నై బెంచి సరిపోతుంది. శాతాన్ని 50కి పెంచి లెక్కించడం సర్వీసు మధ్యలో జబ్బుతో పంపేసినవారికే కాక, మామూలుగా రిటైరైనవారికి కూడా వర్తిస్తుందని 2014 డిసెంబరు 10 నాటి రామ్ అవతార్ తీర్పు చెబుతోంది. దరఖాస్తులో ఆ కోరికను విడిగా రాయండి, అడగనిది ఎవరూ ఇవ్వరు.

మధ్యవర్తి మాట. మూడేళ్ల బకాయి, సుబేదార్ గారి లెక్క ప్రకారమే, కరువు భత్యం కాకుండా రూ. 2,43,000. అందులో 30 శాతమంటే రూ. 72,900. వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. న్యాయవాది కూడా కాని మనిషికి ఆ సొమ్ము ఎందుకు ఇవ్వాలో నాకు అర్థం కాదు. జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయాన్ని అడిగి చూడండి. సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది, సైనిక బోర్డుల్లోనే ఆ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం.

జవాబు: తాంబరం అమ్మ

మా ఆయన నాయక్‌గా రిటైరయ్యారు. మా కేసు మధుమేహం మీద నడిచింది. వకీలు గారు చెప్పిన తీర్పులన్నీ మా వకీలు కూడా చెప్పారు, కానీ మాకు ఉపయోగపడినది మాత్రం ఒక్క కాగితం. అది మా ఇంట్లో ఉన్న సంగతి మాకే తెలియదు.

ఆయన నల్ల రంగు ఇనప ట్రంకు పెట్టె అటక మీద ఉండేది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి ఉంటాయి కదా, అలాంటిదే. 2015 డిసెంబరు వరదల్లో కింది గదిలో నడుము లోతు నీళ్లు వచ్చినా, అటక మీద ఉండబట్టి అది బతికింది. రికార్డుల నుంచి తెప్పించుకున్న కట్టలో నాలుగు బోర్డుల కాగితాలకు బదులు మూడే వచ్చాయి. నాలుగోది ఈ పెట్టెలో, ఉన్ని సాక్సు కింద, ఒక పాత పాలిథిన్ కవరులో దొరికింది. మొదటిసారి కేటగిరీ తగ్గించినప్పుడు రాసినదది. సర్వీసు ఒత్తిడి వల్ల ముదిరిందా అన్న ప్రశ్నకు ఎదురుగా డాక్టరు అవునని రాసి, కింద ఆయన పనిచేసిన ఫీల్డు ప్రాంతం పేరు రాశారు. రిటైరయ్యేటప్పటి బోర్డు కాదని రాసింది. ఒకే మనిషి, ఒకే జబ్బు, అప్పుడు అవును, తరువాత కాదు. మధ్యలో ఏం మారిందో ఎవరూ రాయలేదు. విచారణలో ఎక్కువసేపు నడిచినది దాని మీదే.

బాబూ, మీ నాన్నగారిని కూర్చోబెట్టి పెట్టె తెరిపించండి. మీరు తెరవకండి. ఏ కాగితం ఎందుకు దాచారో వాళ్లకే తెలుస్తుంది. ఇంకొకటి, ఆయన కిందటి నెల బి.పి. ఎంత ఉందన్నది ఇక్కడ ఎవరూ అడగరు, ఆ చీటీలు పట్టుకొని తిరగకండి.

మధ్యలో ఒక ప్రశ్న: రెడ్ హిల్స్ తమ్ముడు

ఇదే చోట అడుగుతున్నందుకు క్షమించండి. మా అన్నయ్య సెలవు మీద సూళ్లూరుపేట వచ్చినప్పుడు, బజారుకు వెళుతూ బైకు మీద నుంచి పడి చెయ్యి విరిగింది. 30 శాతం వేశారు. సెలవులో ఉన్నా డ్యూటీలో ఉన్నట్టే కదా, ఆయనకు వస్తుందా?

జవాబు: మైలాపూర్ వకీలు

సెలవులో ఉన్నవాడు డ్యూటీలో ఉన్నట్టు కొన్ని అవసరాలకు భావిస్తారు కానీ, దెబ్బకూ సైనిక సేవకూ సంబంధం ఉండాలన్న షరతు దానితో తీరదు. సొంతూళ్లో సెలవు మీద ఉండగా స్కూటరు ప్రమాదంలో గాయపడిన జుఝార్ సింగ్‌కు సుప్రీంకోర్టు 2011లో పింఛను నిరాకరించింది. మీ అన్నయ్య గారు సెలవు మొదట్లో ఇంటికి వస్తూ, లేదా సెలవు ముగించుకొని యూనిట్‌కు తిరిగి వెళుతూ పడి ఉంటే మాట వేరు. బజారు ప్రయాణం మీద ఆశ పెట్టుకోవద్దనే నా సలహా.

జవాబు: ఆవడి అబ్బాయి

అందరికీ చాలా కృతజ్ఞతలు. మధ్యవర్తికి రావద్దని చెప్పేశాను. సుబేదార్ గారి మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ, సాయంత్రం స్టూలు తెమ్మని పెట్టె తానే దింపారు. మోకాలి వల్ల స్టూలు ఎక్కడానికి రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

రిలీజ్ బోర్డు కాగితంలో కారణం గడిలో వకీలు గారు ఊహించినట్టే ఒక్క పంక్తి ఉంది: శాంతి ప్రాంతంలో మొదలైంది, సర్వీసు ఒత్తిడితో సంబంధం లేదు. అంతే. 2012 నాటి ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 15 కూడా దొరికింది. అది కార్బన్ కాపీ. ‘ముదిరిందా’ అన్న చోట ఏదో రాసి ఉంది కానీ నీలం రంగు అల్లుకుపోయి, అవునో కాదో తెలియడం లేదు. దాని పక్కన ‘2008 నుంచి’ అన్న అంకె మాత్రం స్పష్టంగా కనబడుతోంది. అసలు ప్రతి కోసం నాన్నగారి సంతకంతో ఈ రోజే సమాచార హక్కు దరఖాస్తు పంపాం. గాయం రిపోర్టు, పోస్టింగుల వివరం కూడా అందులోనే అడిగాం. అవి వచ్చేలోగా మొదటి అప్పీలు వేసేయవచ్చా, ఆగాలా?

జవాబు: పల్లవరం సుబేదార్, రిటైర్డ్ క్లర్కు

ఆగకండి. తర్సేమ్ సింగ్ లెక్కలో మీరు ఆగిన ప్రతి నెలా బకాయిల్లోంచి ఒక నెల రాలిపోతుంది. చేతిలో ఉన్న కాగితాలతో అప్పీలు వేసి, మిగతావి అడిగాం, రాగానే సమర్పిస్తామని చివర ఒక వాక్యం రాయండి. స్పీడ్ పోస్టు రసీదు ఆ పెట్టెలోనే పెట్టండి. 2012 కాగితాన్ని మాత్రం దయచేసి లామినేషన్ చేయించకండి, ఆ వేడికి మిగిలిన నీలం కూడా పోతుంది. ఎండ పడని చోట పరిచి, కాస్త పెద్దగా జిరాక్స్ తీయించండి.